కొట్టివేతలలో పుట్టిన చిత్రములు

1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసము. నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు ఒక గొప్ప అతిథి వచ్చెను. మదనపల్లె చుట్టును కొండలు గల చిన్న పట్టణము. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు మించిన ఎత్తున ఉండుటచేత అక్కడి గాలి చల్లగా, ఆరోగ్యకరముగా ఉండును. 1915లో అనిబిసెంటు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల ఆ పట్టణమునకు అలంకారము. ఐర్లండు దేశీయుడగు జేమ్స్ కజిన్స్ ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండెను. దక్షిణదేశమున ఊరూర ఉపన్యాసములిచ్చి అలసిన ఆ అతిథి కొన్ని దినములు విశ్రాంతి తీసికొనుటకై అక్కడికి వచ్చెను. ఆయనయే విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు.

ఒకనాటి సాయంకాలము విద్యార్థులు, ఉపాధ్యాయులు ఒకచోట చేరి పాటలు పాడుకొనుచుండిరి. రవీంద్రుడును వారితో కూర్చుండి తాను రచించిన జనగణమన గీతమును పాడి వినిపించెను. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదటిసారి పాడబడిన ఆ గీతము మదనపల్లె విద్యార్థులకు క్రొత్తది. వారు దానికి ముగ్ధులైరి. కొలది దినములలోనే రవీంద్రుడు దానిని ఆంగ్లములోనికి అనువదించి, ఫిబ్రవరి 28వ తేదీ వేసి, స్వహస్తముతో వ్రాసి ఇచ్చెను. సంగీతము తెలిసిన కజిన్స్ భార్య మార్గరెట్టు ఆ పాట స్వరములను లిపిలో కుదిర్చెను. 1950 జనవరి 24న ఆ గీతమే మన జాతీయగీతమయ్యెను. ఈ వృత్తాంతము చాలమంది ఎరిగినదే.

అయితే మదనపల్లెకు వచ్చిన ఆ మహాకవి జీవితములో అప్పటికింకను తెరవబడని ద్వారము ఒకటి కలదు. ఆయనకు ఆతిథ్యమిచ్చిన కజిన్స్ కవియే కాదు, చిత్రకళయన్న ప్రాణమిచ్చు రసికుడు. కలకత్తాలోని నవ్యచిత్రకారుల చిత్రములను దక్షిణదేశమునకు పరిచయము చేయుటకై ఆయన ఎంతయో పాటుపడెను. మైసూరు జగన్మోహన ప్రాసాదములోని చిత్రశాల, 1935లో తిరువనంతపురమున వెలసిన శ్రీచిత్రాలయము ఆయన కృషికి సాక్ష్యములు. అట్టి కళాప్రియునితో ఆ దినములలో మాటలాడుచున్నప్పుడును రవీంద్రుడు చిత్రకారుడు కాడు. అప్పటికి ఆయనకు 57 ఏండ్లు. ఆరేండ్లకు ముందే, 1913లో, నోబెలు బహుమానము ఆయనను వరించియుండెను. కథలు, నాటకములు, పాటలు లెక్కకు మిక్కిలిగా వ్రాసియుండెను. కాని కుంచె ఆయన చేతికి లొంగలేదు. ఆ మాట ఆయనయే ఒప్పుకొనుచుండెను. మరి పదునొకండేండ్లకు ఆయన చిత్రములను చూచుటకై పారిసు నగరము కదలివచ్చుట ఎట్లు సంభవించెనో తెలిసికొనదగినది.

రవీంద్రుడు 1861 మే 7వ తేదీన కలకత్తాలోని జొరాసాంకో భవనమున జన్మించెను. తండ్రి మహర్షి దేవేంద్రనాథుడు, తల్లి శారదాదేవి. ఆ ఇంట పాట, పద్యము, నాటకము, చిత్రము ఒకదానితో ఒకటి పోటీపడుచుండెను. అన్న జ్యోతిరింద్రనాథుడు ఇంటికి వచ్చినవారి ముఖములను పెన్సిలుతో చక్కగా చిత్రించెడివాడు. అన్నల బిడ్డల వరుసవారగు గగనేంద్రనాథుడు, అవనీంద్రనాథుడు తరువాతి కాలమున భారతీయ చిత్రకళకు క్రొత్తదారి చూపిరి. వారి చెల్లెలు సునయనీదేవి ఏ గురువును ఆశ్రయింపకయే ఇంటిలో కూర్చుండి చిత్రములు వేయ నేర్చెను.

బాలుడగు రవీంద్రునికి ఇంటివద్ద చదువు చెప్పుటకు పలువురు ఉపాధ్యాయులు వచ్చెడివారు. బడినుండి వచ్చిన వెంటనే వ్యాయామము నేర్పువాడొకడు, బొమ్మలు వేయుట నేర్పువాడొకడు, చీకటిపడగానే ఇంగ్లీషు చెప్పువాడొకడు. బడియనిన గిట్టని ఆ బాలునికి ఈ పాఠములును రుచింపలేదు. గీతలు గీయుట ఒక పనివలె జరిగెనే కాని అది మనస్సున నాటుకొనలేదు. యౌవనమున ఆయన వ్రాతపుస్తకములలో అక్కడక్కడ చిన్న బొమ్మలు గీసెను. అవి ఆయనకే తృప్తినీయలేదు. చిత్రకళను దూరమునుండి చూచి మెచ్చుకొనవలసినదే కాని అది తనకు దక్కునది కాదని తన లేఖలలో వ్రాసికొనెను.

1900లో ఆయన మరల ఒక చిత్రపుస్తకము తెచ్చుకొని గీయనారంభించెను. ఆ సంగతి తన మిత్రుడును ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడును అగు జగదీశచంద్ర బోసునకు వ్రాయుచు, తన బొమ్మలు పారిసు ప్రదర్శనశాలకు పంపుటకు తగినవి కావని పరిహాసమాడెను. తన చేతిలో పెన్సిలుకంటె రబ్బరునకే పని యెక్కువగా ఉన్నదని కూడ తెలిపెను. నాటి హాస్యము ముప్పది యేండ్లకు ఎదురు తిరుగునని ఆయన కలలోనైనను తలంచియుండడు. అప్పటికి మాత్రము ఆయన ఆ పుస్తకమును మూసివేసెను. ఆ తరువాత చాలకాలము ఆ కోరిక మనస్సు అడుగున అణగియుండెను.

చేతికి పని లేకపోయినను కంటికి పని తప్పలేదు. రవీంద్రునివలె లోకమంతయు తిరిగిన కవి ఆ కాలమున అరుదు. పదునొకండవ యేట తండ్రివెంట హిమాలయములకు వెళ్ళి, డల్హౌసీ కొండలపై దేవదారు వృక్షములను, మంచు శిఖరములను కన్నులార చూచెను. పదునేడవ యేట ఇంగ్లండునకు వెళ్ళెను. ముప్పది యేండ్ల ప్రాయమున కుటుంబపు భూములను చూచుకొనుటకై తూర్పువంగ దేశమున పద్మానదిపై పడవలో నివసించెను. ఇసుకతిన్నెలపై వ్రాలు బాతులు, నీటికి దిగు పశువులు, రేవులో బిందె ముంచు పల్లెపడుచులు ఆ పడవ కిటికీనుండి ప్రతిదినము కనబడెడి దృశ్యములు. ఆ దృశ్యములు అప్పుడు కథలైనవి, పాటలైనవి. చిత్రములగుటకు మాత్రము ఇంకను సమయము రాలేదు.

1916లో ఆయన జపానునకు ప్రయాణమయ్యెను. ఆండ్రూస్, పియర్సన్ అను ఆంగ్ల మిత్రులును, ముకుల్ దే అను యువ చిత్రకారుడును ఆయనను అనుసరించిరి. యొకొహామా నగరమున హారా తొమితారో అను సంపన్న కళాపోషకుని ఇంట కొంతకాలము ఉండి, యొకొయామా తైకాన్, షిమొమురా కన్‌జాన్ అను గొప్ప చిత్రకారుల చిత్రములను చూచెను. ఆ చిత్రములు విశాలములు. వానిలో గీసిన భాగముకంటె విడిచిన భాగము ఎక్కువ. ఆ ఖాళీ స్థలమే ఆకాశముగా, నీరుగా, మౌనముగా భాసించుచుండెను. చిత్రమున వేసినదెంత ముఖ్యమో విడిచినదియు అంత ముఖ్యమని ఆయన గ్రహించెను. ఇంటిలో కూర్చుండి చిన్న చిన్న చిత్రములు వేసిన చాలదనియు, బయలుదేరి లోకము చూడవలెననియు కలకత్తాలోని చిత్రకారులగు తనవారికి జాబులు వ్రాసెను. జపాను చిత్రకారుడగు అరాయ్ కంపోను భారతదేశమునకు రప్పించి జొరాసాంకోలో చిత్రకళ నేర్పించెను.

మదనపల్లెకు వచ్చిన 1919లోనే ఆయన శాంతినికేతనమున కళాభవనమును నెలకొల్పెను. నందలాల్ బోసు దానికి ప్రాణమై నిలిచెను. 1922 డిసెంబరులో కలకత్తాయందు జర్మనీ దేశపు నవీన చిత్రకారుల ప్రదర్శనము జరిగెను. బౌహౌస్ అను కళాశాలకు చెందిన పాల్ క్లే, కాండిన్‌స్కీ మొదలగువారి చిత్రములు అందు చూపబడెను. చూచినది చూచినట్లు వేయుటయే చిత్రకళ కాదనియు, గీతలకును రంగులకును వానివైన మాటలు కలవనియు ఆ చిత్రములు చాటుచుండెను. ఇట్లు రవీంద్రుడు ఇతరులకు చిత్రశాలలు కట్టించుచు, ఇతరులను చిత్రకళకై ప్రోత్సహించుచు, తాను మాత్రము గడప వెలుపలనే నిలిచియుండెను.

చివరకు ఆయనను లోపలికి తీసికొనిపోయినది గురువు కాదు, కుంచె కాదు. తాను వ్రాసి కొట్టివేసిన మాటలే ఆయనకు దారి చూపినవి.

కవి పద్యము వ్రాయునప్పుడు ఎన్నియో మాటలను కొట్టివేయును. ఒక పంక్తి నచ్చదు, దానిపై అడ్డగీత పడును. మరియొక పదము నచ్చదు, దానిపై సిరా పులుముకొనును. కొట్టివేసిన పుట చూచుటకు అసహ్యముగా ఉండును. లయ ఎరిగిన రవీంద్రుని కంటికి ఆ వికారము ముల్లువలె గ్రుచ్చుకొనెను. పుటపై చెల్లాచెదరుగా పడియున్న ఆ నల్లని మచ్చలు అనాథలవలె కనబడెను. ఆయన కలముతో ఒక మచ్చను మరియొక మచ్చతో కలిపెను. కలిపిన గీత మెడవలె వంగెను. దాని చివర ఒక ముక్కు మొలిచెను. ఇంకొక మచ్చ రెక్క అయ్యెను. నడుమ విడిచిన తెల్లని చుక్క కన్ను అయ్యెను. ఇట్లు తప్పుల కుప్పనుండి ఒక పక్షి లేచెను. ఏ దేశమునను కనరాని పక్షియది. మరియొక పుటలో మొసలివలె నోరు తెరచిన మృగము, ఇంకొక పుటలో పాము మెడ గల జంతువు. 1923, 1924 సంవత్సరములలో రక్తకరవి నాటకపు వ్రాతప్రతులలోను, పూరవి కవితల వ్రాతప్రతులలోను ఇట్టి జంతువులు గుంపులు గుంపులుగా పుట్టినవి.

శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు పని చేయుటను చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. వారు వెదురు పుల్లను చెక్కి, దానికి ఉన్ని చుట్టి, ఆ కలముతోనే వస్త్రముపై దేవతలను, ఏనుగులను, హంసలను గీయుదురు. వ్రాతకును చిత్రమునకును వారికి సాధనము ఒక్కటియే. అయితే వారి చేతికి తాతముత్తాతలనుండి వచ్చిన శిక్షణ ఉన్నది. ఏనుగు తొండము ఎట్లు వంపు తిరుగవలెనో, నెమలి పింఛము ఎట్లు విచ్చుకొనవలెనో చిన్ననాటినుండి అభ్యసించిరి. రవీంద్రుని చేతికి అట్టి శిక్షణ లేదు. అరువది యేండ్లపాటు అక్షరములు వ్రాసిన అభ్యాసము మాత్రము కలదు. ఆ అభ్యాసమే ఆయనకు ఆస్తి అయ్యెను.

1924లో పెరూ దేశపు స్వాతంత్ర్య శతవార్షికోత్సవమునకు ఆహ్వానము రాగా రవీంద్రుడు ఓడపై దక్షిణ అమెరికాకు బయలుదేరెను. దారిలో జబ్బుపడుటచేత అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో దిగవలసివచ్చెను. విక్టోరియా ఒకాంపో అను రచయిత్రి ఆయనను నగరము వెలుపల, నది కనబడు ఒక మేడలో ఉంచి, సుమారు రెండు నెలలు శ్రద్ధతో పరిచర్య చేసెను. ఒకనాడు ఆమె బల్లపైనున్న ఆయన వ్రాతపుస్తకమును చూచెను. ఆమెకు వంగభాష రాదు. అందువలన పద్యములు ఆమెకు అడ్డు రాలేదు. ఆమె కన్నులు కొట్టివేతలనుండి లేచిన పక్షులను, మృగములను మాత్రమే చూచినవి. అవి కేవలము కాలక్షేపపు గీతలు కావనియు, వానిలో చిత్రకారుడు దాగియున్నాడనియు ఆమె గుర్తించెను. ఇంటివారు వేడుకగా చూచి విడిచిన వానికి దూరదేశపు అతిథేయి విలువ కట్టెను.

1928 ప్రాంతమున రవీంద్రుడు పద్యముల తోడులేకయే కాగితముపై చిత్రములు వేయనారంభించెను. అప్పటికి ఆయనకు 67 ఏండ్లు. ఒకసారి కట్ట తెగిన చెరువునీటివలె చిత్రములు వెల్లువగా వచ్చినవి. ఆయన పద్ధతి ఏ కళాశాలయందును నేర్పునది కాదు. ముందుగా ఇది వేయుదునని సంకల్పించుకొనడు. చేతికి దొరకిన కాగితముపై గీత గీయును. ఆ గీత ఎటు పోయిన అటు పోవును. మనిషియో, మృగమో, చెట్టో నెమ్మదిగా పొడకట్టును. కుంచె దొరకనప్పుడు గుడ్డపీలికతోను, వ్రేలితోను, కలము వెనుక కొనతోను రంగు పూసెడివాడు. రంగుసిరాలే ఆయనకు ముఖ్యసాధనములు. ఒక్కొక్కప్పుడు పువ్వుల రసమునైనను పిండి పూసెడివాడు. సాధారణముగా ఒక చిత్రమును కూర్చున్న చోటనే ముగించి లేచెడివాడు. ఏ చిత్రమునకును పేరు పెట్టలేదు. చూచువాడే దానితో పరిచయము చేసికొనవలెనని ఆయన ఉద్దేశము.

ఆయనకు ఒక లోపము కూడ కలదు. ఎరుపురంగు ఆయన కంటికి అందరికివలె ఆనదు. ఎరుపును, ఆకుపచ్చను వేరుచేయుట ఆయనకు కష్టము. చిత్రకారునికి ఇంతకంటె పెద్ద కొరత మరియొకటి ఉండదని ఎవరైనను అనుకొందురు. ఆయన ఆ కొరతతోనే పనిచేసెను. గోధుమవన్నె, నలుపు, ముదురు పసుపు ఎక్కువగా గల ఆ చిత్రములలో సంధ్యవేళ చీకట్లు ముసరునట్టి గాంభీర్యము కలదు. ఆ వన్నెలకు ఆయన కంటి లోపమే కొంత కారణమని తరువాతి పరిశోధకులు నిరూపించుటకు యత్నించిరి.

ఆ చిత్రములలో ముఖములు కలవు, పూవులు కలవు, ప్రకృతిదృశ్యములు కలవు. కాని మొదటినుండి ఆయనను విడువనివి జంతువులే. అవి అడవిలోని జంతువులు కావు, జంతుప్రదర్శనశాలలోనివియు కావు. ఒకదానికి ఒంటె వీపు, పక్షి ముక్కు. మరియొకదానికి మొసలి దేహము, మనిషి చూపు. 1927లో ఆయన జావా, బలి ద్వీపములకు వెళ్ళి అక్కడి నృత్యములను, శిల్పములను చూచియుండెను. ఆదిమజాతుల కొయ్యముసుగులు, చెక్కడములు ఆయన చిత్రములలో ఛాయామాత్రముగా కనబడుచున్నవని విజ్ఞులు గుర్తించిరి. సముద్రములు దాటి చూచిన రూపములన్నియు మనస్సు అడుగున కలిసిపోయి, క్రొత్త జంతువులై పైకి వచ్చినవి కాబోలు.

ఆ జంతువులలో భయము ఉన్నట్లే హాస్యమును కలదు. మనుమరాలు నందినికి చెప్పిన కథలను ఆయన 1937లో సే అను పేర పుస్తకముగా ప్రకటించి, బొమ్మలు తానే వేసెను. ఒంటిమీది నల్లచారలు పోగొట్టుకొనుటకై సబ్బు కావలెనని పట్టుపట్టు పులి అందులో ఒక పాత్ర. 76 ఏండ్ల వృద్ధుడు పసిపిల్లతో కలిసి నవ్వుటకై పులిని, నక్కను గీయుచు కూర్చుండెను.

చిత్రములు వేయుటకంటె చూపుట ఆయనకు కష్టమైన పని. కవిగా ఆయన కీర్తి శిఖరమునందున్నది. శిక్షణ లేని చేతితో గీసిన ఈ వింత బొమ్మలను లోకము పరిహసించినచో ఆ పరిహాసము ఆయన కవిత్వమునకును అంటుకొనును. స్వదేశమున వానిని చూపుటకు ఆయన మనస్సు వెనుకాడెను. ఇక్కడివారికి ఆయన పేరు ముందు కనబడును, చిత్రము తరువాత కనబడును. కొందరు పేరును చూచి పొగడుదురు, కొందరు పేరును చూచియే నిందింతురు. తన పాటలు పాడుకొనని అపరిచితుల ఎదుట వానిని పెట్టుటయే సరియైన పరీక్షయని ఆయన తలంచెను.

1930లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఉపన్యాసములిచ్చుటకు ఆయన యూరపునకు బయలుదేరెను. ఉపన్యాసపు కాగితములతోపాటు సుమారు 400 చిత్రములను వెంట తీసికొనిపోయెను. పారిసు నగరమున చిత్రప్రదర్శనము ఏర్పాటు చేయుట మాటలు కాదు. ప్రదర్శనశాల దొరకుటకే నెలలు పట్టును. అప్పుడు యూరపులోనున్న విక్టోరియా ఒకాంపో పూనుకొని, కొలది దినములలోనే పిగాల్ రంగశాలకు చెందిన చిత్రశాలలో సమస్తము సిద్ధపరచెను. 1930 మే 2వ తేదీన రవీంద్రుని మొదటి చిత్రప్రదర్శనము అక్కడ ఆరంభమయ్యెను. తన బొమ్మలు పారిసునకు తగవని ముప్పది యేండ్ల క్రిందట వ్రాసినవాడే ఇప్పుడు, తెల్లని గడ్డముతో, పొడవైన అంగీతో, ఆ బొమ్మల నడుమ నిలిచెను.

పారిసువారు నవ్వలేదు. వారు ఆగి చూచిరి. కవయిత్రి యగు ఆనా ద నొయాయ్ ఆ చిత్రములకు పీఠిక వ్రాసెను. పిదప ఆ చిత్రములు బర్మింగుహాము, లండను, బెర్లిను, డ్రెస్డెను, మ్యూనికు, కోపెన్‌హేగను, జెనీవా, మాస్కో నగరములను, అటుపై అమెరికాలోని నగరములను చుట్టివచ్చినవి. ఒక్క సంవత్సరములో ఇన్ని దేశములలో చూపబడిన భారతీయ చిత్రములు అంతకుముందు లేవనవచ్చును. బెర్లినులోని జాతీయ చిత్రశాలకు ఆయన ఐదు చిత్రములను బహూకరించెను. 1937లో నాజీ ప్రభుత్వము తనకు గిట్టని నవీన చిత్రములను చిత్రశాలలనుండి తొలగించినప్పుడు అవియు ఆ వేటుకు గురియైనవి. నియంతలకు వెరపు గొలుపు శక్తి ఆ మౌనచిత్రములకును ఉండెను కాబోలు.

స్వదేశమున స్వాగతము వేరువిధముగా ఉండెను. 1931 డిసెంబరులో రవీంద్రుని డెబ్బదవ జన్మోత్సవ సందర్భమున కలకత్తా టౌనుహాలులో ఆయన చిత్రములు ప్రదర్శింపబడెను. 1932 ఫిబ్రవరిలో కలకత్తా ప్రభుత్వ కళాశాలయందు మరియొక ప్రదర్శనము జరిగెను. నాడు జపానునకు ఆయన వెంట వెళ్ళిన ముకుల్ దే ఆ కళాశాలకు అప్పుడు ప్రిన్సిపాలుగా ఉండెను. చూడవచ్చినవారిలో పలువురు తికమకపడిరి. వెన్నెలవలె మృదువైన పాటలు వ్రాసిన చేతితోనే ఈ వికృతరూపములేమని కొందరు ముఖము చిట్లించిరి. అందమునకు అలవాటుపడిన కన్నులకు ఆ చీకటి వన్నెలు రుచింపలేదు. రవీంద్రునికి ఆ సంగతి తెలియకపోలేదు. అయినను ఆయన వాదింపలేదు, వివరణ వ్రాయుచు కూర్చుండలేదు. మరునాడు ఇంకొక కాగితము తీసికొని మరియొక చిత్రము వేయుచు కూర్చుండెను. తన పాటలను ఎట్లు పాడవలెనో పట్టుదలతో చెప్పు కవి, చిత్రముల విషయమున మాత్రము పిల్లవానివలె స్వేచ్ఛగా ఉండెను.

ఆంధ్రదేశమునకు ఆయన మరల వచ్చెను. 1933 డిసెంబరులో వాల్తేరునందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మానవుని గూర్చి ఉపన్యాసములిచ్చెను. నాడు ఆ విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. చిన్నతనమున తిరుపతి మిషను పాఠశాలలో చదువుకొన్న ఆ పండితుడు రవీంద్రుని తత్త్వమును గూర్చి 1918లోనే ఆంగ్లమున గ్రంథము వ్రాసియుండెను. మదనపల్లెకు కవిగా వచ్చినవాడు వాల్తేరునకు చిత్రకారుడుగా కూడ వచ్చెను. ఆ రెండు రాకల నడుమ గడచినది పదునాలుగేండ్లే.

చివరి సంవత్సరములలో దేహము క్రుంగినను చేయి ఆగలేదు. 1940లో తన చిత్రములను కొన్నింటిని చిత్రలిపి అను పేర పుస్తకముగా వెలువరించెను. 1941 ఆగస్టు 7వ తేదీన, తాను పుట్టిన జొరాసాంకో భవనమునందే రవీంద్రుడు కన్నుమూసెను. అప్పటికి ఆయన వేసిన చిత్రములు 2,000కు మించినవి. అన్నియు జీవితపు చివరి పదునేను సంవత్సరముల లోపలివే. నేడు వానిలో అధికభాగము శాంతినికేతనమున పదిలముగా ఉన్నవి. భారత ప్రభుత్వము వానిని జాతీయ కళానిధులుగా గుర్తించి, దేశము దాటిపోకుండ కట్టుదిట్టము చేసినది. ముఖము చిట్లించిన తరము గడచిపోయెను. ఆధునిక భారతీయ చిత్రకళ చరిత్రలో ఆ చిత్రములకు మొదటి వరుసలో స్థానము లభించెను.

చిన్నతనమున బొమ్మలు గీయలేకపోతినని జీవితాంతము చింతించువారు అనేకులు. రవీంద్రుడును అట్లే చింతించి, ఒకసారి పుస్తకము మూసివేసినవాడే. గురువు లేడు, శిక్షణ లేదు, కంటికి ఒక రంగు సరిగా తెలియదు, వయస్సు అరువది దాటినది. వీనిలో ఏ ఒక్కటియైనను కలము క్రింద పెట్టుటకు చాలిన సాకు. ఆయన ఆ సాకులను లెక్కింపక, తన తప్పులనే ముందు పెట్టుకొని పని మొదలుపెట్టెను. కొట్టివేసిన మాటను చింపి పారవేయక, దానికి ఒక ముక్కును, ఒక రెక్కను, ఒక కన్నును ఇచ్చెను.

జాతీయగీతము వినబడినప్పుడెల్ల మదనపల్లెలోని ఆ సాయంకాలము తలపునకు వచ్చుట సహజము. ఆ గీతము పాడిన పెద్దాయన అప్పటికింకను నేర్చుకొనవలసిన విద్య ఒకటి మిగిలియుండినదనియు, నేర్చుకొనుటకు వయస్సు మించిపోయినదని ఆయన అనుకొనలేదనియు దానితోపాటు గుర్తుంచుకొనదగినది.